'కీళ్ళ నొప్పులే' అని వదిలేసిన జబ్బు

(స్త్రీల ఆరోగ్య హక్కులపై కార్యకర్తల కోసం జరిగిన శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ గర్భసంచి ఆపరేషన్ల గురించీ, రక్తహీనత గురించీ మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక ఎముకల గురించి వినమంటే కొంచెం కష్టమే. అదీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ ఎముకల గురించి. ఇది డాక్టర్లు మాట్లాడుకోవాల్సిన విషయం కదా, మనకెందుకని కార్యక్రమం వేసేటప్పుడు ఒకరిద్దరు అడిగారు కూడా. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళ చాకిరీ ఎలా మారుతుందో తెలుసుకుందామని ఉద్దానం వెళ్ళాను. అక్కడ స్త్రీలు చెప్పిన మాటల్లో పదే పదే వినిపించింది ఎముకల సంగతి. తర్వాత డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఉద్దానం మీలో చాలామందికి తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతం. కొబ్బరితోటలు, జీడితోటలు. షుగరూ, బి.పి. లేనివాళ్ళకి కూడా అక్కడ కిడ్నీలు పాడైపోతున్నాయి. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ అనుమానాలు చాలా ఉన్నాయి గానీ ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని తేలలేదు. జబ్బు ఎందుకొచ్చింది అన్న ప్రశ్న చుట్టూ ఎంతో చర్చ జరిగింది, జరగాల్సిందే. అయితే వచ్చినవాళ్ళు రోజులెలా వెళ్ళదీస్తున్నారు అన్న ప్రశ్న దాని వెనక్కి పోయింది.

డయాలిసిస్ చేయించుకుంటున్న ఆడవాళ్ళని 'మీకేం బాధగా ఉంటోంది' అని అడిగితే కిడ్నీ అని చెప్పినవాళ్ళు తక్కువ. తుంట్లు లాగేస్తున్నాయంటారు. నేల మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలంటారు. రాత్రిళ్ళు కాళ్ళ ఎముకల్లో సలుపు, ఒళ్ళంతా దురద. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళే ఒకామె 'కూచుంటే లేవలేను, లేస్తే కూచోలేను, ఇంక పనెలా ఇస్తారు' అంది. ఆమెకి నలభై ఏళ్ళు కూడా లేవు. ఇంట్లోవాళ్ళు, ఊళ్ళో ఆర్.ఎం.పి., చివరికి సూది గుచ్చే నర్సమ్మ కూడా ఆమెకు చెప్పిన మాట ఒక్కటే: 'ఆడవాళ్ళకి కీళ్ళ నొప్పులు మామూలే కదా!'

ఈ 'మామూలే' అన్న మాటతో మనకి పాత పరిచయం ఉంది. తెల్లబట్ట మామూలే, నడుంనొప్పి మామూలే, మొగుడు కొట్టడం మామూలే. ఒక బాధని మామూలుది చేసేస్తే దానికి పరీక్ష అక్కర్లేదు, మందక్కర్లేదు, లెక్కల్లో రాయక్కర్లేదు. కానీ ఈ స్త్రీలకి ఉన్నది మామూలు కీళ్ళ నొప్పి కాకపోవచ్చు. అది కిడ్నీ జబ్బు తెచ్చిపెట్టే ఎముకల జబ్బు. 1940లలోనే పెకింగ్‌లో పనిచేసిన లియు, చు అనే వైద్యులు దానికి పేరు పెట్టి వర్ణించారు. ఎనభై ఏళ్ళ నుంచీ వైద్యపుస్తకాల్లో ఉన్న జబ్బు మన ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వయసు మీద పడ్డం అయిపోయింది.

కిడ్నీకీ ఎముకకీ సంబంధమేమిటో కాస్త ఓపిగ్గా వినండి. ఇది తెలిస్తేనే డాక్టర్ని ఏం అడగాలో తెలుస్తుంది. మూత్రపిండాల పని మూత్రం తయారుచెయ్యడం ఒక్కటే అనుకుంటాం. ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్ డి అలాగే పనికిరాదు. కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారితేగానీ శరీరం దాన్ని వాడుకోలేదు. ఆ రెండో మార్పు జరిగేది కిడ్నీలోనని 1970లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రేజర్, కోడిచెక్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కిడ్నీ చెడితే ఆ మార్పు తగ్గుతుంది. తిన్న తిండిలో కాల్షియం ఉన్నా పేగులు సరిగా పీల్చుకోలేవు. మరోపక్క ఫాస్ఫరస్‌ని బయటికి పంపేది కూడా కిడ్నీయే కాబట్టి అది ఒంట్లో పేరుకుంటుంది. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక పారాథైరాయిడ్ అనే నాలుగు చిన్న గ్రంథులుంటాయి. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూడ్డం వాటి పని. కాల్షియం తగ్గుతూ ఫాస్ఫరస్ పెరుగుతూ ఉంటే అవి పి.టి.హెచ్. అనే హార్మోన్‌ని ఎక్కువెక్కువగా వదుల్తాయి. ఆ హార్మోన్ ఎముకలోని కాల్షియాన్ని తీసి రక్తంలో పోస్తుంది. ఇల్లు గడవక వస్తువులు ఒక్కొక్కటే తాకట్టు పెట్టినట్టుగా, రక్తం లెక్క సరిపెట్టడానికి శరీరం ఎముకని కుదువ పెడుతుంది.

అందరిలోనూ ఇలాగే ఉండదు. కొందరికి ఎముక అరగడమూ కొత్తగా కట్టుకోవడమూ రెండూ మందగించి మొద్దుబారిపోతుంది. ఎముక జబ్బుతో పాటే కాల్షియం, ఫాస్ఫరస్ వెళ్ళి రక్తనాళాల గోడల్లోనూ గుండె కవాటాల్లోనూ పేరుకుని గట్టిపడతాయి. అందుకే 2006లో కిడ్నీ నిపుణుల అంతర్జాతీయ బృందం దీన్ని ఎముకలకీ, ఖనిజాలకీ, రక్తనాళాలకీ కలిపి ఒకే జబ్బుగా చూడాలంది. నొప్పి సంగతి అలా ఉంచితే ఇది ప్రాణాల మీదికొచ్చే జబ్బు కూడా. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకి తుంటి ఎముక విరగడం మామూలు జనంలో కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని 2000లో వచ్చిన అమెరికా అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా అంతే. డయాలిసిస్ రోగికి తుంటి విరిగాక మళ్ళీ మంచం దిగడం ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పింది ఆడా మగా ఇద్దరికీ వర్తిస్తుంది. ఇక మన సంగతికి వద్దాం.

మొదటిది, జబ్బు పట్టుకోవడంలోనే తేడా ఉంది. కిడ్నీ ఎలా ఉందో చూడ్డానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. ఆడవాళ్ళకి సగటున కండ తక్కువ, తిండి చాలని ఆడవాళ్ళకి మరీ తక్కువ. అందుకని కిడ్నీ సగం దెబ్బతిన్నా అంకె అంత భయపెట్టేలా కనిపించదు. అరవై ఏళ్ళ మగమనిషికి 1.3 ఉంటే, ఇప్పుడు వాడుతున్న 2021 సూత్రం ప్రకారం కిడ్నీ వడపోత సుమారు 63. అదే వయసు ఆడమనిషికి అదే 1.3 ఉంటే సుమారు 47. రిపోర్టు మీద ఇద్దరికీ ఒకే అంకె. 'కొంచెమే పెరిగిందమ్మా, ఫరవాలేదు' అని పంపేస్తారు. అరవైకన్నా తగ్గినప్పటి నుంచే కాల్షియం, ఫాస్ఫరస్, పి.టి.హెచ్. చూడ్డం మొదలుపెట్టమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఆ ఆడమనిషికి ఆ పరీక్షలు మొదలు కావలసిన సమయం దాటిపోయింది, ఆమెకి ఆ సంగతే తెలీదు. కాబట్టి రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఇ.జి.ఎఫ్.ఆర్. అనే అంకె రాసిమ్మని అడగండి. చాలా ల్యాబుల్లో కంప్యూటరే వేసి ఇస్తుంది, ఖర్చేం లేదు.

రెండోది నొప్పి మందుల సంగతి. ఎముకలు నొప్పి అంటే ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షను. లేదా మందులషాపులో నాలుగు మాత్రలు. కూలికి పోయే మనిషి పొద్దున్నే లేచి పనిలోకెళ్ళాలంటే ఆమెకి ఉన్న దారి అదే, తప్పుపట్టే హక్కు మనకి లేదు. కానీ ఆ మందులు కిడ్నీకి చెరుపు, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి మరింత చెరుపు. కిడ్నీ వల్ల ఎముక నొప్పి, ఆ నొప్పికి మందు, మందుతో కిడ్నీ ఇంకా పాడు. ఈ గానుగలో తిరుగుతున్నవాళ్ళు మీ సంఘాల్లో తప్పకుండా ఉంటారు.

పొద్దున మాట్లాడుకున్న గర్భసంచి ఆపరేషన్లు ఇక్కడికే వచ్చి కలుస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో మూడు శాతానికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది శాతానికి దగ్గర్లో, తెలంగాణలో ఎనిమిది దాకా ఉన్నారు. చాలామందికి దాంతోపాటు అండాశయాలు కూడా తీసేశారు, తీసినట్టు వాళ్ళకి చెప్పనే లేదు. అండాశయాలు పోయిన రోజు నుంచే ఎముక పలచబడ్డం మొదలవుతుంది. అసలే కిడ్నీ జబ్బు ముదిరిన స్త్రీలకి నెలసరి క్రమం తప్పడం, తొందరగా ఆగిపోవడం ఉంటుంది. ముప్పై ఏళ్ళకి గర్భసంచి, నలభైకి కిడ్నీ పోయిన మనిషి ఎముకల మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆ రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద రాసిన డాక్టరు నాకు ఇంతవరకూ కనబడలేదు. గైనకాలజీ ఒక గది, నెఫ్రాలజీ ఇంకో గది, ఎముకల డాక్టరు ఇంకో ఆస్పత్రి.

తిండి దగ్గరికి వస్తే, అసలు రాజకీయమంతా వంటింట్లో ఉంది. కిడ్నీ రోగికి ఫాస్ఫరస్ తగ్గించమంటారు, పొటాషియం తగ్గించమంటారు, ఉప్పు తగ్గించమంటారు. కూరలు ముక్కలు కోసి నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండాలి. భర్తకో కొడుక్కో జబ్బైతే ఇదంతా ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారు, వేరే కుండ, వేరే కూర. అదే ఆమెకి జబ్బైతే? నేను అడిగిన ఇళ్ళలో ఆమె కోసం విడిగా వండినవాళ్ళు దాదాపు లేరు. 'నా ఒక్కదాని కోసం రెండో కూరేమిటి' అన్నది వాళ్ళ నోట విన్న మాట. అందరికీ వండింది అందరూ తిన్నాక మిగిలింది తింటుంది.

దీనికీ ఎముకలకీ సంబంధం ఉందంటే నమ్మండి. ఫాస్ఫరస్ పెరగకుండా ఇచ్చే మందులున్నాయి. కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఎసిటేట్, కొంచెం ఖరీదైనది సెవెలామర్. ఈ మాత్రలు అన్నంతో పాటు వేసుకోవాలి. కడుపులోనే తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోవడమే వాటి పని. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పని జరగదు. కవరు మీద రాసేది మాత్రం 'ఉదయం ఒకటి, రాత్రి ఒకటి'. మొగుడూ పిల్లలూ తినేవేళకి ఆమె మాత్ర వేసేసుకుంటుంది, తాను తినేసరికి రెండు గంటలవుతుంది. తర్వాత రిపోర్టులో ఫాస్ఫరస్ పెరిగితే 'మందులు సరిగా వాడవు, చెప్పినమాట వినవు' అని తిట్లు. మందు చీటీ రాసేవాళ్ళు ఆమె ఎప్పుడు తింటుందో ఒక్కసారి అడిగితే చాలు. ఆ ప్రశ్న ఏ వైద్యపుస్తకంలోనూ ఉండదు గనక మనమే అడిగించాలి.

ఇంకో తికమక. మన కార్యకర్తలే ఊళ్ళలో 'ఎముకల బలానికి పాలు తాగండి, రాగులు తినండి, కాల్షియం మాత్రలు వేసుకోండి' అని చెప్తుంటారు. గర్భిణికి, పిల్లలకి అది మంచి సలహానే. కిడ్నీ బాగా చెడినవాళ్ళకి అదే సలహా ఎదురు తిరగొచ్చు. పాలలో ఫాస్ఫరస్ ఎక్కువ. అరవై వేల యూనిట్ల విటమిన్ డి పొట్లాలు ఇప్పుడు మిఠాయి పంచినట్టు పంచుతున్నారు. కిడ్నీ పనిచెయ్యనివాళ్ళలో ఆ విటమిన్ పూర్తిగా మారదు కాబట్టి కాల్సిట్రయాల్‌లాంటి వేరే రూపం అవసరమవుతుంది, అదెంతో పరీక్ష చూసి నిర్ణయించాలి, ఎక్కువైతే రక్తనాళాల్లో సున్నం కడుతుంది.

ముట్లుడిగిన ఆడవాళ్ళ ఎముకల కోసమని ఇచ్చే ఇంజక్షన్లు ఇంకా ప్రమాదం. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ అనే మందు డయాలిసిస్ రోగుల్లో కాల్షియాన్ని ప్రాణాంతకంగా పడేస్తోందని 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పెద్ద అక్షరాల హెచ్చరిక వేయించింది. ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్ కూడా కిడ్నీ బాగా తగ్గినవాళ్ళకి ఇవ్వకూడదు. ఎముకలు గుల్లబారాయని ఎవరైనా ఇంజక్షను రాస్తే, ముందు కిడ్నీ పరీక్ష చూశారా అని అడగండి.

నీళ్ళ గురించి ఒక్క మాట. ఒక్కసారి డయాలిసిస్‌కి దాదాపు 120 లీటర్ల నీళ్ళు రోగి రక్తం పక్కనుంచి సన్నటి పొర అవతల ప్రవహిస్తాయి. వారానికి మూడుసార్లంటే 360 లీటర్లు. 1970లలో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో డయాలిసిస్ రోగుల ఎముకలు వరసగా విరిగాయి. కుళాయి నీళ్ళలోని అల్యూమినియమే కారణమని తర్వాత తేలింది. అందుకే ఇప్పుడు నీళ్ళు శుద్ధి చేసే యంత్రం లేకుండా డయాలిసిస్ చెయ్యకూడదు. యంత్రం ఉండటం వేరు, నీళ్ళు పరీక్ష చేయించడం వేరు. మీ దగ్గరి సెంటర్‌లో నీటి పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో అడిగే హక్కు రోగికి ఉంది, సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. అన్నట్టు, గ్యాసుకని తాగే మందుల్లో కొన్నిట్లో అల్యూమినియం ఉంటుంది, కిడ్నీ రోగులు అడక్కుండా తాగకూడదు.

ఇక ప్రభుత్వం. ఏమీ చెయ్యలేదంటే అబద్ధమవుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దాన్ని ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. కేంద్రం డయాలిసిస్ కార్యక్రమం 2016లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో డయాలిసిస్ రోగుల పింఛను నెలకు 10,000 అయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. ఒకప్పుడు విశాఖ కె.జి.హెచ్. దాకా పోవాల్సినవాళ్ళకి ఇవన్నీ ఎంత ఊరటో వాళ్ళ నోటే విన్నాను. ఈ పోరాటాలు చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

కానీ లెక్కలు చూడండి. ఎన్ని యంత్రాలు, ఎన్ని సెషన్లు అన్నది ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. ఎంతమందికి ఎముకలు విరిగాయి అన్నది మాత్రం ఉండదు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకి కాల్షియం, ఫాస్ఫరస్ ఒకటి నుంచి మూడు నెలలకోసారి, పి.టి.హెచ్. మూడు నుంచి ఆరు నెలలకోసారి చూడాలి. మీ సెంటర్‌లో చూస్తున్నారా? చూస్తే ఆ డబ్బు పథకం కడుతోందా, రోగి చేతి నుంచి పోతోందా? ఫాస్ఫరస్ మాత్రలు కౌంటర్లో ఇస్తున్నారా, బయట కొనుక్కోమంటున్నారా? ఇంట్లో డబ్బు తక్కువైతే ముందు ఆగిపోయేది ఆడమనిషి మందే. కిడ్నీ మార్పిడి చేయిస్తే ఎముకల పరిస్థితి కొంత మెరుగవుతుంది, వాడే స్టీరాయిడ్ల వల్ల కొత్త బాధలూ వస్తాయి, అది వేరే కథ. అయితే మార్పిడి ఎవరికి జరుగుతోంది? 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో ఆడవాళ్ళకి జరిగినవి 6,945 అని 2023లో జాతీయ సంస్థ వెల్లడించింది. బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో మాత్రం ఆడవాళ్ళే ఎక్కువ. భార్య కిడ్నీ భర్తకి, తల్లి కిడ్నీ కొడుక్కి. ఆమెకి యంత్రం, మాత్రలు, విరిగే ఎముకలు.

చివరిగా, కుటుంబ హింస కేసులు చూసే మిత్రుల కోసం ఒక విషయం. డయాలిసిస్ చేయించుకుంటున్న ఒకామెని భర్త తోస్తే గుమ్మానికి తగిలి జబ్బ ఎముక విరిగింది. స్టేషన్‌లో 'రోగిష్టి మనిషి, జారిపడుంటుంది' అన్నారు. ఇంకెవరికైనా అయితే కమిలి వదిలేసే దెబ్బ ఈమెకి ఎముక విరిచింది. ఆ జబ్బే అతనికి సాకు అయింది. ఎముక విరగడం చట్టంలో తీవ్రమైన గాయం. పాత ఐ.పి.సి. 320లో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 116లో ఉంది. అయితే 117 ప్రకారం శిక్ష పడాలంటే అలాంటి గాయం చెయ్యాలన్న ఉద్దేశమో, అలా జరగొచ్చన్న ఎరుకో అతనికుండాలి. అందుకని ముందే ఒక పని చెయ్యాలి. ఈమెకి ఎముకల జబ్బు ఉంది, చిన్న దెబ్బకే విరగొచ్చు అని కేసు షీటులో డాక్టరు చేత రాయించాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు కూడా రాయించాలి. అప్పుడు 'నాకేం తెలుసు' అనడానికి దారి మూసుకుపోతుంది. 2005 గృహహింస చట్టం ఆరోగ్యానికి హాని చెయ్యడాన్ని కూడా హింసగానే చెప్తోంది, వైద్యం ఖర్చులు రాబట్టుకోవడానికి 20వ సెక్షన్ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. కానీ ఎముకలు వంకరపోయి, విరిగి నడవలేనివాళ్ళు చలన వైకల్యం కింద సర్టిఫికెట్ అడగొచ్చు.

ఇందాక ఒక చీటీ పంపారు. 'మా అమ్మకి షుగరు, క్రియాటినిన్ 1.4, రాగిజావ మానిపించాలా?' అని. మానిపించకండి, తొందరపడకండి. ధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫాస్ఫరస్‌ని పేగులు సగమైనా పీల్చుకోవు. శీతల పానీయాల్లో, పాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేటు మాత్రం దాదాపు అంతా ఒంట్లోకి పోతుంది, ముందు అవి మానిపించండి. ఆవిడ మోకాళ్ళకి ఏ మాత్రలు వేసుకుంటున్నారో డబ్బా తెరిచి చూడండి. ఇ.జి.ఎఫ్.ఆర్., కాల్షియం, ఫాస్ఫరస్, పొటాషియం, పి.టి.హెచ్. చేయించి, ఆ కాగితం చూశాకే జావ సంగతి డాక్టర్ని అడగండి.